ప్రాజెక్టు సీజన్‌లో లేజర్ గ్రాఫీన్: మెషిన్ ఆన్ చేసే ముందు

ఫైనలియర్ ప్రాజెక్టుల గడువు దగ్గరపడితే టెన్షన్ మామూలుగా ఉండదు. కరెంటును బాగా పోనిచ్చే కార్బన్ రూపమైన గ్రాఫీన్‌ను లేజర్‌తో చేయాలనుకుని, కాలేజీలో లేజర్ మెషిన్ లేనివాళ్లు పసుపు రంగు పాలిఇమైడ్ షీటు (వేడిని తట్టుకునే ఒక ప్లాస్టిక్) చుట్టుకుని, తిరుపతిలో మెమెంటోలు, నేమ్‌బోర్డులు చెక్కే షాపు ఏదో ఒకటి వెతుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు. అలాంటి మెషిన్లలో ఉండే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనే, మామూలు గాలిలోనే గ్రాఫీన్ చేయొచ్చని 2014లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో జేమ్స్ టూర్ బృందం చూపించింది. కాకపోతే ఆ షాపు యజమానికి అక్రిలిక్, చెక్క తెలిసినంతగా మీ షీటు తెలియదు. జాగ్రత్త మీవైపు నుంచే మొదలవ్వాలి.

లేజర్ తగిలినచోట వేడి ఒక్క క్షణం 2,500 డిగ్రీలు దాటుతుంది. షీటులోని ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ చాలావరకు వాయువులుగా లేచిపోతాయి, మిగిలిన కార్బన్ నల్లటి నురగలాంటి గ్రాఫీన్ అవుతుంది. మనం మిగిలినదాన్ని చూసి మురిసిపోతాం, లేచిపోయినదాన్ని పట్టించుకోం. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, కొద్దిగా హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉండొచ్చు. రెండూ విషవాయువులే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు కాబట్టి 'వాసన రాలేదు కదా' అనుకోవడానికి లేదు. ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది గానీ వాయువుల్ని ఆపదు. ఎగ్జాస్ట్ పైపు బయటికే పోవాలి. వరండాలోకో, పక్క గది కిటికీ కిందికో కాదు. ఏప్రిల్ ఎండకు ఏసీ వేసి తలుపులు బిగించుకునే గదుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ.

ఇంతకంటే భయపడాల్సిన విషయం ఇంకొకటుంది. టెంకాయ చిప్ప మీద, బ్రెడ్ మీద, బంగాళాదుంప మీద, కాగితం, గుడ్డ మీద కూడా గ్రాఫీన్ చేయొచ్చని 2018లో అదే బృందం చూపించింది. అది చదివినవాళ్లకు చేతికందిన ప్రతిదాని మీదా లేజర్ పెట్టాలనిపిస్తుంది. టెంకాయ చిప్ప సరే, మన ఊళ్లో దానికి కరువా! కాగితం, గుడ్డ అయితే మంట అంటుకోకుండా ముందే మందు పట్టించి ఆరబెట్టాలి. ఫ్లెక్సీ బ్యానర్ ముక్క, రెక్సిన్, పీవీసీ షీటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మెషిన్‌లో పెట్టొద్దు. వాటిలోని క్లోరిన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరిగా వస్తుంది. ఊపిరితిత్తులకూ దెబ్బే, షాపువాడి మెషిన్ పట్టాలకూ దెబ్బే. ఏ షీటో తెలియకపోతే ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి, షీటుకు తాకించి, మళ్లీ మంటలో పెట్టి చూడండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉండే అవకాశం ఎక్కువ, ఆ షీటు పక్కన పడేయండి. గోరంత ముక్క చాలు, ఆ పొగ పీల్చొద్దు.

కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణం కంటికి కనిపించదు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, కంటి పైపొరను కాల్చేస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నీలి రంగు డయోడ్ లేజర్ అయితే సుమారు 450 నానోమీటర్లు, అది నేరుగా కంటి వెనక పొర రెటీనా దాకా పోతుంది. ఒకదానికి పనికొచ్చే కళ్లద్దాలు రెండోదానికి పనికిరాకపోవచ్చు. అద్దాల మీద తరంగదైర్ఘ్యం రాసి ఉండాలి. ఏమీ రాయని అద్దాలను నమ్మొద్దు. మూత తెరిస్తే మెషిన్ ఆగిపోయే స్విచ్‌కు టేపు వేసి పెట్టి ఉంటే ఆ షాపులో పని చేయించుకోకండి.

ఎండాకాలంలో లేజర్ పుట్టించే గాజు ట్యూబును చల్లబరిచే నీళ్లు తొందరగా వేడెక్కుతాయి. వేడెక్కేకొద్దీ లేజర్ పవర్ తగ్గుతుంది. పొద్దున కుదిరిన సెట్టింగ్ మధ్యాహ్నం కుదరదు, మీరేమో తప్పు షీటులో ఉందనుకుంటారు. ప్రతి షీటు వెనక టైమూ, నీళ్ల ఉష్ణోగ్రతా రాసుకోండి. ఆ నీళ్ల బకెట్లో ఐస్ గడ్డలు కుమ్మరించొద్దు, వేడి మీదున్న గాజు ట్యూబు పగలొచ్చు. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే. కరెంటు పోయి వస్తే ముందు నీళ్ల పంపు తిరుగుతోందో లేదో చూడండి.

మెషిన్ నడుస్తుండగా టీకి వెళ్లొద్దు, అంతే. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి.

షీటు మీద నల్లపొడిని నోటితో ఊదకండి. అది కరెంటును పోనిస్తుంది, ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లోకి పోతే షార్ట్ అవ్వొచ్చు. చేతికి గ్లోవ్స్ వేసుకుని తడిగుడ్డతో తుడవాలి.

ఇక ఈ గ్రాఫీన్‌తో నీళ్లలో సీసాన్ని పసిగట్టే సెన్సర్ చేసేవాళ్ల సంగతి. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంత తక్కువ మోతాదును కాలేజీ సెన్సర్ పట్టిందని నిరూపించాలంటే అదే నీటిని ల్యాబ్‌లో కూడా పరీక్ష చేయించి పోల్చాల్సిందే. ఈలోగా ఏ ఊరి బోరు దగ్గరో రీడింగ్ తీసి 'మీ నీళ్లు మంచివే' అని చెప్పొద్దు, 'చెడ్డవి' అని భయపెట్టనూ వద్దు. గాలిలో తేమ మారినా గ్రాఫీన్ నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) మారుతుంది కాబట్టి వానరోజు రీడింగును ఎండరోజు రీడింగుతో కలిపేయకండి. పరీక్షకు కలిపిన సీసం, కాడ్మియం ద్రావణాలను సింకులో పారబోయకుండా మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, ఏముందో లేబుల్ రాసి, ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పగించండి.