ఆఫ్‌రోడ్ బండికి ట్యూబ్ టైరా, ట్యూబ్‌లెస్సా? ఎలా తేల్చుకోవాలి

టైర్లు మార్చుదామని ఆటోనగర్ వెళ్తే ఏ షాపులో చూసినా ఒకటే మాట, ట్యూబ్‌లెస్ వేయించుకోండి సార్, ఇంక పంక్చర్ గోలే ఉండదు అని. ఎందుకుండదు, ఉంటుంది, కాకపోతే ట్యూబ్‌లో లాగా ఒక్కసారిగా తుస్‌మనకుండా గాలి మెల్లగా దిగుతుంది. తార్రోడ్డు మీద తిరిగే బండికి అది పెద్ద లాభమే, కాదనను. కానీ మట్టీ ఇసకా రాళ్లూ తొక్కే బండికి లెక్క వేరు. నేనుండేది విజయవాడ, నాకో స్పోక్ చక్రాల బైకుంది, అంటే సైకిల్ చక్రం లాగా పుల్లలుండేది, గుంటూరులో మా బావకి థార్ జీపు ఉంది, ఆదివారం వస్తే రెండిట్లో ఏదో ఒకటి మట్టిలో దిగాల్సిందే, కాబట్టి రెండు రకాల టైర్లతోనూ బాగానే తిప్పలు పడ్డాం.

మొదటి పని: టైరు సంగతి తర్వాత, ముందు రిమ్ చూడండి

అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. ట్యూబ్‌లెస్‌లో గాలిని ఆపేది టైరు ఒక్కటే కాదు, రిమ్ కూడా. టైరు అంచున లోపల ఇనప తీగతో లావుగా ఉండే భాగాన్ని బీడ్ అంటారు, అది రిమ్ అంచుకి బిగుసుకుని కూర్చుంటేనే గాలి ఆగుతుంది. ట్యూబ్‌లెస్ కోసమే చేసిన రిమ్‌లో బీడ్ కూర్చునే చోటుకి లోపలి పక్క చిన్న గట్టు లాగా ఉంటుంది, బీడ్ జారిపోకుండా ఆపేది అదే. టైరు విప్పినప్పుడు వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. మామూలు స్పోక్ రిమ్‌కి ఆ గట్టు చాలావరకు ఉండదు, పైగా స్పోక్‌కొక బొక్క, అన్ని బొక్కల్లోంచి గాలి ఎక్కడ ఆగుతుంది? అందుకే ఎక్స్‌పల్స్ 200, పాత హిమాలయన్ 411 లాంటి బైకులు ట్యూబులతోనే వచ్చాయి. హిమాలయన్ 450 కూడా 2023 చివర్లో వచ్చినప్పుడు ట్యూబులే, ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తర్వాత 2024లో ఇచ్చారు. థార్, జిమ్నీ వాళ్లకి ఈ గొడవే లేదు, కంపెనీ నుంచే ట్యూబ్‌లెస్.

టైరు పక్క గోడ మీద కూడా చదవండి, ట్యూబ్‌లెస్ అనో ట్యూబ్ టైప్ అనో రాసి ఉంటుంది, కొన్నిటి మీద పొట్టిగా టీఎల్, టీటీ అని ఉంటుంది. ట్యూబ్ టైప్ టైరుని ట్యూబ్ లేకుండా ఎప్పుడూ వాడొద్దు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేసుకోవడం మాత్రం స్పోక్ బైకుల్లో మామూలే, టైరు కంపెనీ వద్దనకపోతే చాలు. పనిలో పనిగా ఆ గోడ మీదే నాలుగంకెల నంబరు చూడండి, 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని, పాత సరుకు అంటగట్టకుండా ఉంటారు.

స్పోక్ రిమ్ లోపల సీలెంట్ పూసి టేపు వేసి ట్యూబ్‌లెస్ చేసిస్తాం అనేవాళ్లు ఉన్నారు, నేనూ ఒకచోట ఆశపడి చేయించుకున్నా. నెల తిరక్కుండా రోజూ పొద్దున్నే చూస్తే ఐదారు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గి ఉండేది. సబ్బునీళ్లు పోసి చూస్తే నాలుగు స్పోకుల మొదళ్ల దగ్గర బుడగలు. అసలు మట్టిలో తిరిగే బండికి స్పోకులు వదులవుతూనే ఉంటాయి, బిగించినప్పుడల్లా లోపలి సీలు కదులుతుంది, మళ్లీ మొదటికే. అంత సరదా ఉంటే ఫ్యాక్టరీ నుంచి ట్యూబ్‌లెస్ స్పోక్‌గా వచ్చిన చక్రం కొనుక్కోండి, లేదంటే హాయిగా ట్యూబ్‌తోనే ఉండండి.

రెండో పని: మీరు తిరిగే నేల ఎలాంటిదో చూసుకోండి

మనవైపు టైరుకి మొదటి శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. ట్యూబ్ అయితే ముల్లు దిగి ఇంకో నాలుగు అడుగులు వేసేలోపే చక్రం నేలకి అంటుకుంటుంది. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు దిగినా దాన్నలాగే పెట్టుకుని ఇల్లు చేరిపోవచ్చు, బావ థార్ టైర్లో ఒకసారి మూడు ముళ్లు దొరికాయి, ఎప్పుడు దిగాయో కూడా తెలీదు. అంటే ముళ్లదారికి ట్యూబ్‌లెస్‌దే పైచేయి.

పత్తి మోడు సంగతి వేరు. గుంటూరు చుట్టుపక్కల పత్తి కట్టె కొట్టేశాక చేలో మిగిలే మోళ్లు ఈటెల్లా ఉంటాయి, అవి టైరు అడుగున కాదు, పక్క గోడలో దిగుతాయి. పక్క గోడ చిరిగితే స్ట్రిప్ (పంక్చర్ బొక్కలో దూర్చే జిగురు రబ్బరు పట్టీ) పెట్టి నమ్ముకోవడానికి లేదు. అదే ట్యూబ్ అయితే లోపలి నుంచి పాత టైరు ముక్క అడ్డం పెట్టి, కొత్త ట్యూబ్ వేసి మెల్లగా ఇంటికి రావచ్చు. ట్యూబ్‌లెస్ జీపు వాళ్లు కూడా డిక్కీలో ఒక ట్యూబ్ పడేసుకునేది ఇందుకే. కాకపోతే అది ఇల్లు చేరడానికే, ట్యూబ్‌లెస్ టైరు లోపల గరుకు గీతలుంటే ట్యూబ్ రాసుకుని వేడెక్కుతుంది, విజయవాడ మే నెల ఎండలో ఆ ట్యూబ్‌తో హైవే ఎక్కి స్పీడు పెంచొద్దు.

రాళ్ల దారి అయితే రిమ్ కూడా లెక్కలోకి వస్తుంది. పుల్లల్లేకుండా ఒకే ముక్కగా పోతపోసిన అల్లాయ్ చక్రం గట్టి దెబ్బకి పగులుతుంది, స్పోక్ రిమ్ వంగుతుంది. వంగిన రిమ్‌ని సాగగొట్టుకోవచ్చు, పైగా లోపల ట్యూబ్ ఉంటే రిమ్ కొంచెం సొట్టపడినా గాలి నిలుస్తుంది. ట్యూబ్‌లెస్‌లో ఆ సొట్ట దగ్గరే గాలి పోతుంది.

మూడో పని: గాలి ఎంత తగ్గించి నడుపుతారో ఆలోచించండి

నా లెక్కలో అసలు తేడా ఇక్కడుంది. ఇసకలో దిగితే గాలి తగ్గించాలి, జీపు టైరుకి రోడ్డు మీద 32 పీఎస్ఐ దాకా ఉండేదాన్ని 18 దగ్గరికి తెస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసక మీద తేలినట్టు పోతుంది. ట్యూబ్ ఉన్న బైకుకి ఇలా మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు టైరుకీ రిమ్‌కీ మధ్య ట్యూబ్ నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి, లేదా టైరు రిమ్ మీద తిరిగిపోయి వాల్వ్ మొదలే తెగుతుంది. ట్యూబ్‌లెస్‌లో ఆ నలుగుడు బాధ లేదు గానీ బీడ్ ఊడొచ్చే భయం ఉంది.

మా బావ చేసింది అదే. కృష్ణ ఇసకలో, బ్యారేజీకి దిగువన, గాలి 12కి దించి స్టీరింగ్ గట్టిగా తిప్పాడు, ముందు టైరు రిమ్ వదిలేసింది. "ఏంది బావా ఇది" అంటే "నువ్వే కదరా తగ్గించమంది" అని నా మీద పడ్డాడు. నేనన్నది 18. సరే, అలా ఊడినప్పుడు జాకీ కింద చెక్క పెట్టి చక్రం పైకి లేపి, బీడ్ దగ్గర ఇసక అంతా తుడిచేయాలి, ఒక్క రేణువున్నా సీలవ్వదు. బీడ్‌కి సబ్బునీళ్లు రాసి, టైరు చుట్టూ మధ్యలో బెల్టు కట్టి బిగిస్తే అంచులు బయటికి తోసుకొస్తాయి, అప్పుడు వాల్వ్ పిన్ తీసేసి కంప్రెసర్‌తో గాలి కొట్టాలి. టప్ టప్ అని రెండుసార్లు సౌండ్ వస్తే కూర్చున్నట్టు, ఆ టైంలో వేళ్లు అంచు దగ్గర పెట్టొద్దు. చేతి పంపుతో ఇది దాదాపు అవ్వదు. నల్లరేగడి బురదలో అయితే ఇంకా నరకం, తుడిచేకొద్దీ అంటుకుంటుంది.

అన్నట్టు, ట్రాక్టర్ పెద్ద టైర్లలో మన దగ్గర ఇప్పటికీ చాలావరకు ట్యూబులే, బరువు కోసం అందులో నీళ్లు కూడా నింపుతారు. ట్యూబ్ పాత కాలపుదని తీసిపారేసేవాళ్లు ఒకసారి పొలం గట్టు మీద నిలబడి చూడాలి.

నాలుగో పని: ఇక తేల్చేయండి

జీపు అయితే ట్యూబ్‌లెస్, పెద్దగా ఆలోచించక్కర్లేదు, కంప్రెసర్, స్ట్రిప్ కిట్, బెల్టు దగ్గరుంచుకోండి. అల్లాయ్ బైకు వేసుకుని మట్టిరోడ్లు, ఊళ్ల దారులు తిరిగితే కూడా అంతే. మామూలు స్పోక్ బైకుతో రాళ్లలో గెంతేవాళ్లు, ఊరికి దూరంగా పోయేవాళ్లు ట్యూబ్‌లోనే ఉండండి, కాకపోతే మందపాటి ట్యూబ్ వేయించుకోండి, ట్యూబ్ మార్చడం మీరే నేర్చుకోండి. నేర్చుకోనంటే మాత్రం ట్యూబ్ వద్దే వద్దు, ఎందుకంటే రోడ్డు పక్కన స్ట్రిప్ పెట్టడం పది నిమిషాల పని, ట్యూబ్ మార్చడం చక్రం విప్పితే గానీ అవ్వదు.

ఐదో పని: ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోండి

స్ట్రిప్ అయితే ముల్లు ఎటు వంగి దిగిందో చూసుకుని లాగి, గరుకు సూదితో అదే వాలులో బొక్కని నాలుగుసార్లు రుద్ది, స్ట్రిప్‌ని కన్నమున్న రెండో సూదికి ఎక్కించి ముప్పావు వంతు లోపలికి తోసి ఆ సూదిని ఒక్క గుంజు గుంజాలి. మిగిలింది కొంచెం వదిలి కోసేసి, ఉమ్ముతో అయినా సరే బుడగలొస్తున్నాయేమో చూడండి.

ట్యూబ్ మార్చేటప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. కొత్త ట్యూబ్ వేశా, కిలోమీటరు వెళ్లా, మళ్లీ తుస్. బండి తోసుకుంటూ పోతే పంక్చర్ వేసే బాబాయ్ ఒకాయన టైరు విప్పి, భుజం మీది పాత బనియన్ గుడ్డ తీసి లోపల చుట్టూ తుడిచాడు, ఒకచోట గుడ్డ చిక్కుకుంది. "ఇదిగో బాబూ నీ దెయ్యం" అని పటకారుతో లాగితే బియ్యపు గింజంత ముల్లు కొస. బయటినుంచి చూస్తే కనపడదు, వేళ్లతో తడిమితే వేలికే దిగుతుంది. అందుకే ఇప్పుడు నా టూల్ బ్యాగులో రెండు టైరు లివర్లు, పౌడరు డబ్బాతో పాటు ఒక పాత బనియన్ ముక్క కూడా ఉంటుంది. ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేశాకే లోపల పెట్టండి, మడత పడదు, లివర్ కింద నలగదు. చివరి అంచు వాల్వ్ ఉన్న చోట ఎక్కేలా మొదలెట్టండి, ఎదురు పక్క బీడ్‌ని రిమ్ మధ్య గుంటలోకి మోకాలితో నొక్కి ఉంచితే లివర్‌తో బలవంతం చేయాల్సిన పనే ఉండదు.