ఇంటి పక్క జాగాకు వేరే పన్ను వస్తోందా?

ఇంటిని ఆనుకుని కొన్న ఖాళీ జాగాకు ఏటా విడిగా పన్ను కట్టడం చికాకే. మా బొబ్బిలిలాంటి మున్సిపాలిటీల్లో దాన్ని ఇంటి పన్నులో కలపమని అడగొచ్చు. ముందు రెండింటి బకాయిలూ కట్టేయండి. కమిషనర్ పేరున అర్జీ రాసి, దస్తావేజుల నకళ్లు, రెండు అసెస్‌మెంట్ల (పన్ను ఖాతాల) తాజా రసీదులు, చేత్తో గీసిన కొలతల స్కెచ్ జతచేయండి. మధ్యలో గోడ లేదని, ప్రహరీ ఒక్కటేనని, నుయ్యి, కొబ్బరిచెట్లు ఎటున్నాయో స్కెచ్‌లో చూపిస్తే చూడ్డానికొచ్చినవాళ్లకు పని తేలిక.

అయితే ఇంటి స్థలంతో కలిపి ప్లింత్ ఏరియాకు (గోడలతో సహా ఇంటి కట్టడం విస్తీర్ణానికి) 3 రెట్లు లేదా 1000 చదరపు మీటర్లు, ఏది తక్కువైతే అంతవరకే ఇంటి కింద లెక్క. మిగతాదానికి ఖాళీ స్థలం పన్ను తప్పదు. ఇల్లు మీ పేరున, జాగా మీ ఆవిడ పేరున ఉంటే మాత్రం కలపడం కష్టం.