ఇంత దూరం వచ్చి దిగకుండా పోతామా? వానాకాలంలో కొండలకీ వాగులకీ వెళ్ళేవాళ్ళ కోసం

జూలై వచ్చిందంటే చాలు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు బైకులతో నిండిపోతుంది. నేనూ ఆ బ్యాచ్ వాణ్ణే కాబట్టి వెళ్ళొద్దని చెప్పే మొహం నాకు లేదు. కానీ ఏటా పేపర్లో వచ్చే ప్రమాదాలు చూస్తుంటే, ఈత రాకపోవడం కన్నా "ఇంత దూరం వచ్చి దిగకుండా పోతామా" అనే మాటే ఎక్కువ మందిని ముంచుతోందేమో అనిపిస్తుంది. అందుకే వెనక్కి ఎప్పుడు తిరగాలో ఇంట్లో ఉండగానే తేల్చుకోండి. మధ్యాహ్నం 2 దాటితే ఎక్కడున్నా కిందికి దిగడమే. మబ్బు పట్టిందంటే వాగులోంచి బయటికే. గ్రూపులో ఒక్కరు భయమేస్తోందన్నా అందరూ ఆగాలి, వాణ్ణి వెక్కిరించకూడదు. అక్కడికి వెళ్ళాక ఊపులో ఎవరి బుర్రా పనిచేయదు, నాది కూడా.

మూడేళ్ళ కిందట మారేడుమిల్లి దాటాక ఒక వాగులో ఐదుగురం బండ మీద కూర్చుని మిక్చర్ తింటున్నాం. నెత్తిన మంచి ఎండ. ఒడ్డున కట్టెలు ఏరుకుంటున్న పెద్దావిడ "బాబూ, పైకొచ్చేయండి, నీళ్ళు మారుతున్నాయి" అంది. చూస్తే మాకేం తేడా కనపడలేదు. అంతకుముందు స్పష్టంగా కనిపించిన గులకరాళ్ళు కాస్త మసకబారాయి, నాలుగు వెదురాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి, అంతే. మావాడొకడు "ఒక్క ఫొటో అవ్వా" అన్నాడు. ఈసారి ఆవిడ తిట్టింది. బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డెక్కాం. తర్వాత ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు, మేం కూర్చున్న బండ కనిపించకుండా పోయింది.

జరిగిందేమిటంటే, ఎగువన ఎక్కడో కొండ మీద వాన పడింది. ఆ నీళ్ళన్నీ ఇరుకు లోయలోకి దిగి ఒక్కసారే వస్తాయి, మన నెత్తిన చినుకు పడాల్సిన పని లేదు. నీటి రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా, వస్తువుల కోసం వెతక్కుండా పక్క గట్టు మీదికి ఎక్కేయండి. వాగు వెంట కిందికి పరిగెత్తితే లాభం లేదు, నీళ్ళు మీకన్నా వేగంగా వస్తాయి. ఎగువన డ్యామ్ ఉంటే ఇంకా జాగ్రత్త. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలోనే. కాబట్టి ఏ నదిలోనైనా దిగే ముందు ఊళ్ళోవాళ్ళని రెండు మాటలు అడగండి, పైన డ్యామ్ ఉందా, నిన్న రాత్రి పైన వాన పడిందా అని.

వెళ్ళేటప్పుడు చీలమండ లోతున్న వాగు, వచ్చేటప్పుడు నడుము లోతు అయిందనుకోండి, దాటకండి. మోకాలు దాటిన నీళ్ళు గట్టిగా పారుతుంటే మనిషి నిలబడలేడు. ఎత్తైన చోట ఆగి, సిగ్నల్ దొరికితే 112కి ఫోన్ చేసి, నీళ్ళు తగ్గేదాకా కూర్చోవడమే. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్ళిన సుమారు 80 మంది అలాగే అవతల చిక్కుకుంటే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్ళు వెళ్ళి బయటికి తెచ్చారు. రాత్రంతా దోమలు కుడతాయి, ఆకలేస్తుంది, అయినా పొద్దున్నే ఇంటికి చేరతాం. బ్యాగులో బిస్కెట్లు, టార్చి, ఈల, పాలిథీన్ కవర్లో చుట్టిన పొడి బట్టలు పెట్టుకోమనేది ఇందుకే.

జలపాతం కింద నిలబడటం సరదాయే కానీ పైనుంచి రాళ్ళు కూడా పడతాయి. గుండంలోకి పైనుంచి డైవ్ కొట్టొద్దు, పోయినసారి లోతుగా ఉన్నచోట ఈసారి మొద్దు ఇరుక్కుని ఉండొచ్చు. జలపాతం అంచున నిలబడి సెల్ఫీ తీసుకోవడం గురించి నేనేం రాయను, ఆ పాచి పట్టిన రాయి మీద ఒకసారి అడుగు పెట్టినవాడికి చెప్పక్కర్లేదు.

వేగంగా పారే నీళ్ళలో పడిపోతే లేచి నిలబడాలని చూడకండి. పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే నీటి తోపుడుకి మనిషి ముందుకి బోర్లా పడిపోతాడు, ఇక లేవలేడు. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు నీరు పోయే వైపు చాపి, కాలి వేళ్ళు పైకి కనిపించేలా పెట్టి, చేతులతో ఒడ్డువైపు తోసుకోండి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దు. మునిగేవాడు పట్టుకుంటే వదలడు, ఇద్దరూ పోతారు. తాడు, చున్నీ, లుంగీ, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్, ఏది దొరికితే అది విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన దగ్గర బాగా అలవాటు, అది చేయకండి. ఊపిరి లేకపోతే ముందు నోట్లోకి ఊపిరి ఊది, తర్వాత ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేయాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

పడవెక్కితే లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. తీసుకుని ఒళ్ళో పెట్టుకుంటే అది దిండే. బకిల్స్ అన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోండి, గడ్డం దాటి పైకి వచ్చేస్తోందంటే వదులుగా ఉన్నట్టు. గోదావరి వరద మీద ఉన్నప్పుడు ఎంత పెద్ద బోటైనా ఎక్కకండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది అలాంటప్పుడే.

సముద్రంలో ఇంకో మాయ ఉంది. విశాఖ రుషికొండ, యారాడ లాంటి చోట్ల అలలు ఎగిసిపడే చోటు చూసి భయపడి, పక్కన అలలు విరగకుండా ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉన్నచోట దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు లోపలికి తిరిగి వెళ్ళే దారి తరచుగా అదే. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి.

కొండల సంగతికొస్తే, భువనగిరి కోట ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు. 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట పాఠాలు నేర్చుకుంది అక్కడే. అలాంటి చోట నేర్చుకున్నా సరే, తాడు కట్టేముందు ముడి, హార్నెస్ బకిల్, హెల్మెట్ ఒకసారి మీ చేత్తో మీరు చూసుకోండి, తర్వాత పక్కవాడి చేత చూపించుకోండి. ట్రైనర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కొండరాళ్ళకి తేనెపట్లు ఉంటాయి, వాటి కింద పొగ పెట్టొద్దు, రాళ్ళు విసరొద్దు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదపకుండా మోసుకుని వెళ్ళి ఆసుపత్రిలో చేర్చాలి.

అక్కడి ఊళ్ళవాళ్ళు ఆ వాగు నీళ్ళే తాగుతారు. కాబట్టి సబ్బులు, షాంపూలు వద్దు. బీరు సీసా పగిలితే ఆ గాజుముక్క తర్వాత దిగేది ఎవరో పిల్లాడి అరికాల్లోనే. మా మిక్చర్ ప్యాకెట్ కూడా ఆరోజు బండతోపాటే పోయింది, ఆ సిగ్గు నాకింకా ఉంది. అందుకే తినేవి డబ్బాలో సర్దుకుని వెళ్తున్నా. అక్కడి గిరిజనులైన కొండరెడ్ల ఇళ్ళ ముందు అడక్కుండా ఫొటోలు తీయకండి, మీ గుమ్మం ముందు ఎవరైనా వచ్చి తీస్తే ఊరుకుంటారా?

తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే మామూలు జ్వరమేలే అని మాత్రలు మింగుతూ కూర్చోకండి. ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టర్‌కి ముందే చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.