ఫోన్లో వస్తోంది, కంప్యూటర్లో రావట్లేదు: వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే వరసగా చూడాల్సినవి

ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో చూద్దామని బ్యాంకు సైటు తెరిస్తే రాదు. మీభూమిలో అడంగల్ తీద్దామన్నా రాదు. అదే వైఫై మీద ఫోన్లో మాత్రం రెండూ వస్తున్నాయి. ఇలాంటప్పుడు కేబుల్ ఆపరేటరుకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. స్తంభం మీద ఫైబరూ, ఇంట్లో రూటరూ బాగానే ఉన్నాయని ఆ ఫోనే చెబుతోంది. లోపం ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంది. దుకాణానికి మోసుకెళ్తే చాలాసార్లు ఫార్మాట్ కొట్టేస్తారు, ఫొటోలూ లెక్కలూ పోతాయి. కింద చెప్పినవాటిలో దేనికీ ఫార్మాట్ అక్కర్లేదు.

ఫోన్లో పరీక్షించే ముందు మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే సైటు టవరు సిగ్నల్ మీద తెరుచుకుని మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గాలివానకు కొబ్బరి మట్ట పడి ఫైబరు తెగితే రూటరు మీద ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు మాత్రం ఆపరేటరుకే చెప్పాలి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాం. విండోస్ స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, నల్ల కిటికీ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

"యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వస్తే

ముందు తెర కింద కుడి మూలనున్న తేదీ చూడండి. సంవత్సరం వెనక్కి పోయి ఉంటే కారణం దొరికినట్టే. సురక్షితమైన ప్రతి సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే సర్టిఫికెట్ ఉంటుంది. బ్రౌజరు దాన్ని కంప్యూటర్ గడియారంతో పోల్చుకుంటుంది. గడియారం 2015 అంటుంటే నిన్నమొన్న ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా మొదలే కానట్టు లెక్క. అందుకే దాదాపు అన్ని సైట్లూ ఒక్కసారిగా ఆగిపోతాయి.

గడియారం మీద రైట్ క్లిక్ చేసి తేదీ, సమయం సెట్టింగు తెరవండి. తేడా ఏళ్లలో ఉంటే "సింక్ నౌ" ఒక్కటే నొక్కితే సరిపోకపోవచ్చు. ముందు తేదీని చేత్తో సరిచేసి, టైమ్ జోన్ 5:30 ఉందని చూసుకుని, ఆ తర్వాత సింక్ నొక్కండి.

రేపు మళ్లీ వెనక్కి పోతే మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు లేనప్పుడు డెస్క్‌టాప్ గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు దాని మీద భారం పడదు. కోతలు ఎక్కువైన చోటా, రోజూ రాత్రి స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేసే ఇళ్లలోనూ అది త్వరగా అయిపోతుంది. కావాల్సింది సీఆర్ 2032, 3 వోల్టులు. ఆ అంకెలకు అర్థం 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. అది లేదని 2025 ఇస్తే తీసుకోవద్దు, పలచగా ఉండి వదులుగా కూర్చుంటుంది. వైరు పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి ఉంచి, పక్క తలుపు తీయండి. అంచునున్న క్లిప్పు నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది వైరుతో కలిసి ఉంటుంది, ఆ పని తెలిసినవాళ్లకు వదిలేయడం మంచిది.

తేదీ సరిగ్గానే ఉండి ఇదే మెసేజ్ వస్తుంటే రెండు అనుమానాలు. ఒకటి, గడువు తీరిన యాంటీవైరస్ మధ్యలో దూరి సర్టిఫికెట్లను తనిఖీ చేయడం. అందులో వెబ్ షీల్డ్ ఆపి చూడండి, సైటు వస్తే ఆ యాంటీవైరస్‌ను పూర్తిగా తీసేయండి. రెండోది, పాత విండోస్ 7. చాలా సైట్లు ఆధారపడ్డ ఒక మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. దాని స్థానంలో వచ్చినది అప్‌డేట్లు లేని పాత కంప్యూటర్లకు అందలేదు. విండోస్ 7 మీద క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ అనే బ్రౌజరు తన సర్టిఫికెట్ల జాబితా తనే మోసుకొస్తుంది కాబట్టి సైట్లు తెరుచుకుంటాయి. కానీ విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. అందులో బ్యాంకు పని చేయకండి.

ఏ కారణమైనా సరే, ఈ హెచ్చరికను దాటేసి బ్యాంకు పాస్‌వర్డు కొట్టకండి.

"సైట్ కాంట్ బీ రీచ్డ్" అని వస్తే

పింగ్ అంటే అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే కమాండు. రెండు పింగ్‌లు కొట్టండి: పింగ్ 8.8.8.8 (ఇది గూగుల్ సర్వరు అంకె), తర్వాత పింగ్ గూగుల్ డాట్ కామ్.

అంకెకు రిప్లై వచ్చి పేరుకు రాకపోతే నెట్ ఉంది, పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి, మీరు వాడే వైఫై లేదా ఈథర్‌నెట్ లోపల డీఎన్ఎస్ వరస చూడండి. ఎవరో పెట్టిన తెలియని అంకె ఉంటే ముందు ఆటోమేటిక్‌కు మార్చండి. అప్పటికీ రాకపోతే మాన్యువల్‌లో 8.8.8.8, రెండోదిగా 1.1.1.1 ఇవ్వండి. తర్వాత ఐపీకాన్ఫిగ్, ఖాళీ, ముందుకు వాలిన గీత, ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొడితే పాత జ్ఞాపకం చెరిగిపోతుంది. ఇది చేయకుండా "మార్చినా రాలేదు" అనుకునేవాళ్లు చాలామంది.

అంకెకు కూడా రిప్లై రాకపోతే ఉత్త ఐపీకాన్ఫిగ్ కొట్టి ఐపీవీ4 వరస చదవండి. 169.254తో మొదలైతే రూటరు చిరునామా ఇవ్వలేదు, కంప్యూటరే ఒకటి పెట్టుకుంది. కేబుల్ పీకి పెట్టండి, లేదా వైఫై ఆపి కలపండి. ఆ వరస 192.168.0 అని, రూటరు మాత్రం 192.168.1.1 అని ఉంటే పాత రూటరు రోజుల్లో చేత్తో పెట్టిన చిరునామా అలాగే మిగిలింది. ఆపరేటరు మారి కొత్త పెట్టె బిగించిన ఇళ్లలో ఇది మామూలే. ఐపీ సెట్టింగును ఆటోమేటిక్ చేస్తే చాలు.

పింగ్ బాగుంది, బ్రౌజర్లో మాత్రం రాదు

సెట్టింగ్స్, నెట్‌వర్క్, ప్రాక్సీ వరసగా తెరవండి. ప్రాక్సీ అంటే మనకూ సైటుకూ మధ్య నిలబడే సర్వరు. "యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్" ఆన్‌లో ఉంటే ఆపండి. ఆపినా తిరిగి తనంతట తానే ఆన్ అవుతుంటే చెడ్డ సాఫ్ట్‌వేర్ లోపలుంది. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, సుమారు 15 నిమిషాలు పడుతుంది. ప్రాక్సీ లేకపోతే ఇన్‌కాగ్నిటో కిటికీలో చూడండి. అక్కడ వస్తే బ్రౌజరుకు తగిలించిన ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతోంది, లేదా సైట్లు దాచిపెట్టిన పాత కుకీలు.

ఒకటి రెండు సైట్లే రావు

సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ వరసగా తెరిస్తే హోస్ట్స్ అనే ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అందులోంచి దాన్ని తీయండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరసలు నిరపాయం. 127.0.0.1 పక్కన మీకు రాని సైటు పేరుంటే ఆ వరస చెరిపి సేవ్ చేయండి. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వేసినప్పుడు ఇలాంటి వరసలు చేరుతుంటాయి.

సగం తెరుచుకుని ఆగిపోతే

రూటరుకే పింగ్ కొట్టండి: పింగ్, మైనస్ ఎన్ 100, 192.168.1.1. మీ రూటరు అంకె వేరైతే ఐపీకాన్ఫిగ్‌లో గేట్‌వే వరసలో కనిపిస్తుంది. చివర్లో "లాస్" అని చూపించే ప్యాకెట్ల నష్టం 0 శాతం రావాలి. కేబుల్ మీద ఒకటి రెండు శాతం పోతున్నా తప్పు కొస దగ్గరే ఉంటుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి కేబుల్ కొసనున్న ఇత్తడి రంగు పళ్లు మసకబారతాయి. తుడిచి వాడటం కన్నా కొస కోసి కొత్త ఆర్‌జే45 ప్లగ్గు వేయించడం మేలు.

నష్టమేమీ లేకపోతే పింగ్, మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1464, 8.8.8.8 కొట్టండి. ప్యాకెట్‌ను ముక్కలు చేయాలంటూ జవాబొస్తే నెట్‌ను వేరే దారిలో మళ్లించే వీపీఎన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏదో ప్యాకెట్ పరిమాణాన్ని తగ్గించి ఉండొచ్చు. దాన్ని తీసేసి మళ్లీ చూడండి.

ఏదీ అతకకపోతే

నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌షెల్, విన్‌సాక్, రీసెట్ అని మూడు మాటలు కొట్టి రీస్టార్ట్ చేయండి. మొదటి మాట ఎన్ఈటీఎస్‌హెచ్ అని మాత్రమే టైపు చేయాలి. అదీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ చెరిపేస్తుంది, 5 నిమిషాల్లో కంప్యూటర్ తానే రీస్టార్ట్ అవుతుంది. కాబట్టి చేస్తున్న పని సేవ్ చేసి, రూటరు అడుగున అంటించిన పాస్‌వర్డు ముందే కాగితం మీద రాసుకోండి.