పాఠకుడి చెవికి, ముక్కుకి తగిలేలా రాయడం ఎలా?

"వంటింట్లోంచి ఘుమఘుమలాడే వాసన వస్తోంది" అని రాస్తే పాఠకుడికి ఏ వాసనా రాదు. ఆ వాక్యం ఏ ఇంటికైనా, ఏ కూరకైనా సరిపోతుంది. చిక్కంతా అక్కడే. తాలింపునే తీసుకుని, అది పంచేంద్రియాలకూ తగిలేలా రాయడం చూద్దాం.

1. ఒక్క నిమిషాన్ని ఎంచుకోండి. వంట మొత్తం వద్దు, తాలింపు వేగే నిమిషం చాలు. కాగితం మీద చూపు, శబ్దం, వాసన, స్పర్శ, రుచి అని ఐదు గళ్లు గీయండి. చూపు గడి ఎలాగూ నిండుతుంది కాబట్టి దాన్ని చివరికి వదిలేయండి.

2. విశేషణాలు కొట్టేయండి. అందమైన, అద్భుతమైన, కమ్మని... ఇవన్నీ రాసేవాళ్ల అభిప్రాయాలు. వాసనలకు మనకు పేర్లు బాగానే ఉన్నాయి: పచ్చి వాసన, మాడు వాసన, కమురు కంపు, నీచు, ముక్కిపోయిన బియ్యం వాసన. పేరు దొరక్కపోతే ఆ వాసన మనిషిని ఏం చేసిందో రాయండి:

"ఆవాలు చిటపటమన్నాయి. తడి కరివేపాకు పడగానే మూకుడు చుయ్యిమంది. ఎండుమిరప ఘాటుకి వసారాలో తాతయ్య రెండుసార్లు తుమ్మాడు."

ఇందులో 'వాసన' అన్న మాటే లేదు.

3. వరస తప్పకండి. వసారాలో ఉన్న మనిషికి ముందు చప్పుడు, ఆ వెనక ఘాటు చేరతాయి. మూకుడు కనిపించేది లోపలికి వెళ్లాకే. కరివేపాకు వేగాక ఆవాలు వేశారని రాశారా, వంట తెలిసిన పాఠకుడు అక్కడే నమ్మకం వదులుకుంటాడు.

4. కనిపించింది, వినిపించింది, అనిపించింది అన్న క్రియలను వీలైనంత వరకు తీసేయండి. "గజ్జెల చప్పుడు వినిపించింది" కన్నా "గజ్జెలు ఘల్లుమన్నాయి" దగ్గరగా ఉంటుంది.

5. రుచిని ఒక్క మాటతో తేల్చేయకండి. అది నోట్లో మారుతూ పోతుంది. ఉసిరికాయ కొరకగానే పులుపు, నమిలేకొద్దీ వగరు, పైన గుక్కెడు నీళ్లు తాగితే తీపి. ఈ మూడూ వరసగా రాస్తే చాలు, "భలే రుచి" అనక్కర్లేదు.

6. ఇప్పుడు సగం తీసేయండి. పేరాకి రెండు మూడు వివరాలకు మించితే పాఠకుడు కథ మర్చిపోతాడు. తెలుగులో ధ్వని పదాలు ఎక్కువ కాబట్టి మోజూ ఎక్కువే. సెలయేటి గలగలలు, నవ్వుల కిలకిలలు అరిగిపోయి చెవికే తగలవు. ఉంచేది పాత్ర గమనించగలిగిందే కావాలి. బస్సు తప్పిపోతుందని పరుగెత్తేవాడికి మల్లెల పరిమళం తెలియదు. వీపుకి అంటుకున్న చొక్కా, మడమ దగ్గర ఒరుసుకునే చెప్పు పట్టీ తెలుస్తాయి.