స్టాంపింగ్ వీకెండ్ పెట్టుకుంటున్నారా? ముందు ప్రాజెక్టులు తగ్గించండి

శుక్రవారం సాయంత్రం చేరి ఆదివారం మధ్యాహ్నం దాకా ఓ పదిమంది కలిసి కూర్చుని ఇంకు అద్ది బొమ్మలు వేసే స్టాంపులు, ఇంకులు, కాగితాలతో గడిపే రిట్రీట్ పెట్టాలనుకోగానే ఎవరైనా మొదట రాసేది ప్రాజెక్టుల లిస్టే. ఏడెనిమిది రాసేస్తారు. కొట్టేయండి, మూడు చాలు. రెండు అందరూ చేసేవి, మూడోది ఓపికున్నవాళ్లు చేసుకునేది. ఇంట్లో ఒక్కరే కూర్చుని ముప్పావు గంటలో ముగించిన కార్డు, పదిమంది ఒకే ఇంక్ ప్యాడ్ కోసం చేతులు చాస్తూ, మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ చేస్తే పూటంతా పడుతుంది. ఆ కబుర్ల కోసమే కదా వచ్చింది, వాటిని గంట కొట్టి ఆపలేం.

ప్రాజెక్టులు ఏవైనా వాటి వరుసని ఆరే సమయాన్ని బట్టి వేసుకోండి. తడి పనులన్నీ, అంటే వాటర్‌కలర్ బ్యాక్‌గ్రౌండ్లు, జెల్ ప్లేట్ (రంగు పూసి కాగితానికి ముద్ర తీసే మెత్తటి పలక) మీద యాక్రిలిక్ ప్రింట్లు, బాగా జిగురు పట్టే చిన్న పుస్తకాల అట్టలు, శనివారం సాయంత్రానికి అయిపోవాలి. రాత్రంతా బరువు కింద పెట్టేస్తే పొద్దుటికి వంకర తీరి చదునవుతాయి. ఆదివారం అతికించడం, అలంకరించడం మాత్రమే. ఆ రోజు కొత్త టెక్నిక్ మొదలుపెడితే అందరూ తడి కార్డులు చేత్తో పట్టుకుని ఇంటికెళ్తారు.

అసలు కష్టం వారం ముందే పడాలి. ఒక్కొక్కరికీ కాగితాలు కత్తిరించి, కవర్లో పెట్టి, పేరు రాసి ఉంచండి. కార్డు బేస్‌కి 300 జిఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దగ్గర కార్డ్‌స్టాక్ బాగుంటుంది, పైన అతికించే పొరలకి అంతకంటే పల్చనిది. కాగితానికి గ్రెయిన్, అంటే లోపలి పీచు సాగే దిశ, ఉంటుందని చాలామంది పట్టించుకోరు. షీటుని మెల్లగా రెండు వైపులా వంచి చూడండి, ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ మడత గ్రెయిన్ వెంబడి ఉన్నట్టు. అడ్డంగా మడిస్తే మందపాటి కాగితం మడత దగ్గర పగుళ్లిచ్చి తెల్లగా కనబడుతుంది. ఎ4 షీటుకి పొడుగు వెంబడి గ్రెయిన్ ఉంటే, దాన్ని మధ్యకి కోసి 148 × 210 మిల్లీమీటర్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కని 105 దగ్గర మడవండి. ఎ6 కార్డు వస్తుంది, మడత కూడా గ్రెయిన్ వెంబడే పడుతుంది. మడిచే ముందు గీత నొక్కుకోవడం మానొద్దు.

గది సంగతి: మనిషికి కనీసం మూడడుగుల టేబుల్, మీద మంచి వెలుతురు. హీట్ గన్లకి (బాగా వేడిగాలి ఊదే చేతి మెషిన్లు) మాత్రం గోడ పక్కన వేరే టేబుల్ పెట్టండి. అందరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే ఫ్యూజు పోయే టెన్షన్ ఉంటుంది, పైగా అక్కడ ఫ్యాన్ ఆపుకోవచ్చు. ఫ్యాన్ కింద ఎంబాసింగ్ పౌడర్ (వేడికి కరిగే సన్నటి పొడి) మూత తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

శనివారం పొద్దున అందరి బుర్రలూ చురుగ్గా ఉన్నప్పుడే హీట్ ఎంబాసింగ్, అంటే స్టాంపు వేసిన బొమ్మ మీద పౌడర్ చల్లి కరిగించి ఉబ్బెత్తుగా చేయడం, నేర్పేయండి. ముందుగా యాంటీ స్టాటిక్ పౌడర్ సంచీతో కాగితాన్ని ఒకసారి రుద్దాలి, లేకపోతే పౌడర్ ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకుతోగానీ, ఎంబాసింగ్ కోసమే వచ్చే రంగులేని ఇంకుతోగానీ స్టాంపు వేయాలి. డై ఇంకు త్వరగా ఆరిపోతుంది, పౌడర్ పట్టదు. పౌడర్ చల్లి, మడిచిన కాగితం మీదికి దులిపి, మిగిలింది డబ్బాలో పోసెయ్యండి. అక్కడక్కడా అంటుకున్న రేణువుల్ని పొడి బ్రష్షుతో తీసేయాలి. హీట్ గన్ని ముందు పక్కకి తిప్పి కాసేపు వేడెక్కనిచ్చి, అప్పుడు కార్డు దగ్గరికి తేవాలి. ఇక కళ్లార్పకండి: గరుకుగా, మసకగా ఉన్న గీత ఒక మూల నుంచి నున్నగా మెరుస్తూ వస్తుంది. మెరిసిన చోట ఆగకుండా ముందుకు జరగాలి. అక్కడే పట్టుకుంటే పౌడర్ కాగితంలోకి ఇంకిపోయి ఉబ్బు పోతుంది, నూనె మరకలా మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్ సరిపోదా అని ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోదు, వేడి చాలదు, గాలికి పౌడర్ ఎగిరిపోతుంది.

రంగులు వేసే ప్రాజెక్టు ఉంటే ఏ ఇంకు తెచ్చుకోవాలో ముందే చెప్పండి. ఆల్కహాల్ మార్కర్లతో అయితే సాల్వెంట్ ఇంకు (నీటికి బదులు రసాయన ద్రావకంతో చేసింది) గీతలు అలుక్కుపోతాయి, ఆ మార్కర్లకి తట్టుకునే డై ఇంకు కావాలి. వాటర్‌కలర్‌కైతే ఆరాక నీటికి చెదరని ఇంకు ఉండాలి. ఒక్క మెసేజ్ పెడితే పోయేదానికి అక్కడ ఎందుకు గొడవ? అదే మెసేజ్‌లో కత్తెర, జిగురు, స్టాంపుని అంటించి పట్టుకునే బ్లాకులు ఎవరివి వాళ్లు తెచ్చుకోమని, వాటి మీద పేర్లు అంటించమని రాయండి. నల్ల పిడి కత్తెరలన్నీ ఒక్కలాగే ఉంటాయి మరి. క్లియర్ స్టాంపుల్ని ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దని కూడా చెప్పండి, పసుపెక్కుతాయి.

శుక్రవారం రాత్రి క్లాసు వద్దు. సామాన్లు సర్దుకోవడం, ఏటీసీల మార్పిడి చాలు. ఏటీసీలంటే ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులు, 2.5 × 3.5 అంగుళాల బుల్లి కార్డులు. 1997లో జ్యూరిక్‌లో ఎం. వాంచి స్టిర్నెమాన్ అనే స్విస్ కళాకారుడు మొదలుపెట్టాడు. ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి, అమ్మకూడదు, అదే దాని నియమం. వెనక పేరు, తేదీ రాయమనండి. కొత్తవాళ్ల బెరుకు పోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలీదు, ఎందుకంటే చేతిలో కార్డు ఉంటే మాట దానంతటదే వస్తుంది.

ఆదివారం చివరి గంట సర్దడానికే. ఆ గంటని ప్రోగ్రాంలో రాసి పెట్టండి, లేకపోతే ఎవరూ లేవరు. స్టాంపులు తడిబట్టతో తుడిచి, సాల్వెంట్ ఇంకు వాడినవి దాని క్లీనర్‌తో శుభ్రం చేసి, వాటిని దాచే షీట్ల మీద అంటించాక లెక్క చూసుకోండి. చిన్న అక్షరాల స్టాంపులు ఎప్పుడూ టేబుల్ కింద దొరుకుతాయి.