అమెజాన్ స్వోర్డ్ మొక్కకు ఎరువు వేస్తున్నా ఆకులు పాలిపోతుంటే: సమస్య - పరిష్కారం

ఎరువు సీసా మూత తీసే ముందు, పాలిపోతున్నది ముదురు ఆకా, లేత ఆకా అన్నది చూడాలి. అక్వేరియం తొట్టిలో నీట ముంచి పెంచే ఈ అమెజాన్ స్వోర్డ్‌లో కొత్త ఆకులు నడిమి మొవ్వులోంచి పుడతాయి, వయసు మళ్లిన ఆకులు బయటి వరుసకు జరుగుతాయి కాబట్టి ఈ తేడా కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం తక్కువైనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోని నిల్వను లాగి లేత ఆకులకు పంపుకుంటుంది, అందువల్ల దెబ్బ బయటి ఆకుల్లో ముందు కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ మాత్రం ఒకసారి ఆకులో చేరాక అక్కడి నుంచి దాదాపు కదలవు, అందుకే వాటి కొరత మొవ్వులోనే బయటపడుతుంది. ఆకులు పసుపుబారాయి, ఏ ఎరువు వేయాలి అని అడిగేవారిలో చాలామంది ఈ ఒక్క వివరం చెప్పరు. అది తెలియకుండా ఇచ్చే సలహా ఏదైనా ఊహాగానమే.

సమస్య: కొత్తగా నాటిన మొక్క ఆకులు వరుసగా కుళ్లిపోతున్నాయి

ఇది ఎరువుకు సంబంధించినది కాదు. నర్సరీలలో ఈ మొక్కను ఎక్కువగా వేళ్లు మాత్రమే తడిలో ఉండేలా, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. నీట మునిగాక ఆ ఆకులు నిలవవు, వాటి స్థానంలో పలచని, పొడవైన నీటి ఆకులు వస్తాయి. కుళ్లిన ఆకులను మొదలు దగ్గర కత్తిరించి, మొవ్వు గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూడాలి. మొవ్వు ఇసుకలో కూరుకుపోయి ఉంటే వేళ్లు మాత్రమే కప్పబడేలా మొక్కను కాస్త పైకి లాగాలి. మొవ్వు మెత్తబడకుండా ఉన్నంతవరకు ఓపిక పట్టడం తప్ప చేయవలసినది లేదు.

సమస్య: బయటి ముదురు ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి

ఆకు మొత్తం ఒకే తీరున పసుపుబారితే నత్రజనిని అనుమానించాలి. నైట్రేట్ పరీక్షలో సున్నా వస్తే ఆ అనుమానం నిజమైనట్టే. మొక్కలు దట్టంగా ఉండి చేపలు తక్కువగా ఉన్న తొట్టిలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంచడం మంచిది. 100 లీటర్ల నీటికి ఒక గ్రాము పొటాషియం నైట్రేట్ వేస్తే లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాముల నైట్రేట్, దానితోపాటు 4 మిల్లీగ్రాములకు కాస్త తక్కువగా పొటాషియం చేరుతాయి. ముదురు ఆకులో సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రాలు పడి, వాటి అంచులు పసుపుగా ఉంటే అది పొటాషియం కొరత. ముదురు ఆకులోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే మెగ్నీషియం తక్కువైనట్టు, దానికి ఎప్సమ్ సాల్ట్ చాలు. 100 లీటర్లకు ఒక గ్రాము ఎప్సమ్ సాల్ట్ లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము మెగ్నీషియం ఇస్తుంది.

ఇవన్నీ నీటిలో సరిపడా ఉన్నా బయటి ఆకులు పోతూనే ఉంటే వేళ్ల దగ్గరికి ఏమి అందుతోందో చూడాలి. ఈ మొక్క ఆకులతోనూ పోషకాలు తీసుకుంటుంది గాని, దాని వేళ్ల గుబురును చూసినవారికి అసలు భోజనం ఎక్కడ జరుగుతుందో అర్థమవుతుంది. ఉత్త ఇసుకలోనో, కడిగిన గులకరాళ్లలోనో నాటి పైన ద్రవ ఎరువు మాత్రమే పోస్తే పెద్ద మొక్కకు ఆ తిండి చాలదు. ఎరువు మాత్రలను మొవ్వుకు కొద్ది దూరంలో, చుట్టూ నాలుగైదు చోట్ల, వీలైనంత లోతుగా గుచ్చి, రెండు మూడు నెలలకు ఒకసారి మళ్లీ పెట్టాలి. పైపైన గుచ్చిన మాత్ర నీటిలోకి కరిగి నాచుకు మేత అవుతుంది.

సమస్య: మొవ్వులోంచి వచ్చే లేత ఆకులు తెల్లబారుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి

ఇది ఇనుము కొరత అని చాలామందికి తెలుసు. ఎవరో ఒకరు చెబుతారు, ఇనుము ఉన్న ద్రవ ఎరువు కొని వేస్తారు, నెల గడిచినా కొత్త ఆకు పాలిపోయే వస్తుంది. మోతాదు రెట్టింపు చేస్తారు. అప్పుడు తొట్టిలో నాచు పెరుగుతుంది గాని ఆకు రంగు మారదు. పరీక్ష కిట్‌లో ఇనుము కనిపిస్తుంది కాబట్టి కొరత వేరే దేనిదో అనుకుని పొటాషియం, మెగ్నీషియం, చివరికి దీపం కూడా మార్చి చూస్తారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన సమస్య ఇదే: ఇనుము వేశారు, నీటిలో ఉంది, అయినా మొక్కకు అందే రూపంలో లేదు.

కారణం ఎరువు సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అన్నభేది లాంటి మామూలు ఇనుప లవణం ఆక్సిజన్ ఉన్న నీటిలో త్వరగా తుప్పు రూపానికి మారి అడుగుకు చేరుతుంది. అలా జరగకుండా తయారీదారులు దాన్ని చిలేట్ రూపంలో, అంటే ఇనుమును పట్టుకుని నీటిలో కరిగి ఉండేలా చేసే పదార్థంతో కలిపి ఇస్తారు. ఎక్కువగా వాడేది ఈడీటీఏ చిలేట్. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 లోపల ఇది ఇనుమును బాగానే పట్టి ఉంచుతుంది. పీహెచ్ అంతకంటే పెరిగి, నీటిలో కాల్షియం కూడా ఎక్కువగా ఉంటే ఈడీటీఏ ఇనుమును వదిలి కాల్షియంను పట్టుకుంటుంది, విడిపడిన ఇనుము తుప్పుగానో, ఫాస్ఫేట్‌తో కలిసిన మడ్డిగానో మారుతుంది. వెలుతురు కూడా ఈ చిలేట్‌ను కొంత విడగొడుతుంది. కిట్ నీటిలో ఇనుము ఉందని చెప్పగలదు గాని, ఆ ఇనుమును మొక్క తీసుకోగలదో లేదో చెప్పదు.

ఇక్కడ ఆగకుండా, నీరు అంత కఠినంగా, అంటే కాల్షియం, కార్బొనేట్ల లాంటి లవణాలతో ఎందుకు ఉందో తేల్చాలి. ఈ పనిని దాదాపు అందరూ దాటవేస్తారు. కుళాయి నీటిని బకెట్‌లో పట్టి ఒక రోజు అలాగే ఉంచి, దాని కార్బొనేట్ కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ కొలిచి, తొట్టి నీటి కొలతలతో పోల్చాలి. అప్పుడే పట్టిన నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను తప్పుగా చూపవచ్చు కాబట్టి ఒక రోజు ఉంచడం అవసరం. రెండు కొలతలూ దాదాపు సమానంగా ఉంటే మీ నీరే అలాంటిది. తొట్టిలో కాఠిన్యం స్పష్టంగా ఎక్కువగా ఉండి, నీరు మార్చిన తర్వాత మళ్లీ రోజురోజుకూ పెరుగుతుంటే దోషం తొట్టి లోపలే ఉంది. అలంకరణ కోసం పెట్టిన పాలరాయి, సున్నపురాయి, గవ్వలు, పగడపు ఇసుక మెల్లగా కరుగుతూ ఆ పని చేస్తాయి. అనుమానం ఉన్న రాయిని ఆరబెట్టి వెనిగర్ చుక్కలు వేసి, బుడగలు వస్తే దాన్ని తీసివేయాలి. వెనిగర్ బలహీనమైన ఆమ్లం, అందుకే బుడగలు సన్నగా, ఆలస్యంగా రావచ్చు. దగ్గరగా పెట్టుకుని చూడాలి. ఆవిరైన నీటికి బదులుగా కుళాయి నీటినే పోస్తూ, పాత నీటిని మార్చకుండా వదిలేసినా లవణాలు పేరుకుని కాఠిన్యం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

దోషం గులకరాళ్లదైతే వాటిని ఒకేసారి కాకుండా విడతలుగా మార్చాలి, ఎందుకంటే చేపల వ్యర్థాలను శుద్ధి చేసే బాక్టీరియా వాటి మీదే స్థిరపడి ఉంటుంది. దోషం నీటిదే అయితే నీటితో కుస్తీ పట్టడం మాని ఇనుము రూపం మార్చాలి. డీటీపీఏ చిలేట్ పీహెచ్ సుమారు 7.5 వరకు నిలుస్తుంది. అంతకు మించిన నీటికి ఈడీడీహెచ్ఏ చిలేట్ పనిచేస్తుంది గాని నీటికి ఎర్రటి ఛాయ వస్తుంది, అది నచ్చనివారు ముందే తెలుసుకోవడం మంచిది. మోతాదు లీటరుకు 0.1 మిల్లీగ్రాము దగ్గర మొదలుపెట్టాలి, ఫాస్ఫేట్ వేసే రోజున ఇనుము వేయకూడదు. వీటన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మేది వేళ్ల దగ్గర ఇనుము ఉన్న మాత్రలు గుచ్చడం. ఇసుక లోతున ఆక్సిజన్ తక్కువ, అక్కడ ఇనుము కరిగే రూపంలో నిలుస్తుంది, పైనున్న నీరు ఎంత కఠినమైనదైనా వేళ్లకు అందుతుంది. అడుగున ఉన్నదే సున్నపు గులక అయితే మాత్రం మాత్రల బలం కూడా తగ్గుతుంది, అందుకే రాయి పరీక్ష ముందు చేయమని అంటున్నాను.

పీహెచ్ తగ్గించే ఆమ్లపు చుక్కలు వేయాలన్న ఆలోచన ఇక్కడ చాలామందికి వస్తుంది. కార్బొనేట్లు ఎక్కువగా ఉన్న నీటిలో పీహెచ్ ఒకటి రెండు రోజుల్లో తిరిగి పైకి వస్తుంది, ఆ ఎగుడుదిగుళ్లను చేపలు భరించాలి. అది వద్దు.

ఫలితాన్ని పాత ఆకుల్లో వెతకకూడదు. ఇనుము పాత ఆకులకు కదిలి వెళ్లదు, బాగా తెల్లబారిన ఆకు మళ్లీ పూర్తిగా పచ్చబడుతుందని ఆశించడం వృథా. మార్పు చేసిన తర్వాత పుట్టిన రెండు మూడు ఆకులను మాత్రమే చూసి నిర్ణయానికి రావాలి, ఈలోగా మరే ఎరువూ మార్చకూడదు.

సమస్య: ఆకుల మీద గీరినట్టు పారదర్శకమైన మచ్చలు

రంధ్రం అంచున పసుపు లేకుండా ఆకు పై పొర గీరివేసినట్టు పలచబడి ఉంటే దాన్ని కొరతగా లెక్కించకూడదు. అది నోటితో గీరి తినే ప్లెకో చేప రాత్రి పూట చేసే పని, వెడల్పాటి స్వోర్డ్ ఆకు దానికి తగిన బల్ల. దీపం ఆర్పాక కాసేపటికి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. ఎరువుతో దీనికి సంబంధం లేదు.

అరుదైనవి

లేత ఆకులు ముడుచుకుపోయి వంకరగా పుడితే కాల్షియం కొరత కావచ్చు గాని, లవణాలన్నీ తీసివేసిన ఆర్వో నీటిని ఏమీ కలపకుండా వాడేవారు మాత్రమే దాని గురించి ఆలోచించాలి. బోరాన్, మాంగనీస్ కొరతలు సూక్ష్మపోషకాల మిశ్రమం వేసే తొట్టిలో దాదాపు కనిపించవు. తోట మొక్కలకు వాడే గుళికల ఎరువును ఇసుకలో పాతిపెట్టినవారు మాత్రం మొక్కను పెకిలించేటప్పుడు జాగ్రత్త పడాలి, ఎందుకంటే అందులోని అమ్మోనియం ఒక్కసారిగా నీటిలోకి వస్తే చేపలు చనిపోతాయి. అలాంటి మొక్కను తీయవలసి వస్తే చేపలను ముందు వేరే తొట్టిలోకి మార్చి, పని పూర్తయిన వెంటనే సగం నీటిని మార్చాలి.